ఊరికే వచ్చేదానికి మూడు కొటేషన్లు

ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టి ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్, వాడాలా వద్దా అన్నది మాదాపూర్‌లో ఏ కంపెనీ కూడా తొందరపడి తేల్చదు. ముందు కమిటీ వేస్తుంది. కుర్ర ఇంజనీర్లు నవ్వుకుంటారు గానీ, నాకు ఆ కమిటీ అంటే భక్తి.

మొదటి చిక్కు పర్చేజ్ వాళ్లది. రూలు ప్రకారం మూడు కొటేషన్లు కావాలి. పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్‌కి కొటేషన్ ఎవరిస్తారు? పోనీ ధర సున్నా అని రాసుకుంటే, సున్నా మీద బేరం ఎలా ఆడాలి? నలభై లక్షలు చెప్పిన వెండర్‌ని ముప్పైకి దింపితే కంపెనీకి పది లక్షలు మిగిల్చినట్టు అప్రైజల్లో రాసుకోవచ్చు. ఊరికే వచ్చేదాంట్లో మిగిల్చేదేముంది?

తర్వాత లీగల్. పోస్ట్‌గ్రెస్ లైసెన్సు పట్టుమని ఒక పేజీ ఉండదు. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏ హామీ లేదు అని అందులో తేటతెల్లంగా రాసి ఉంటుంది. లాయరుగారికి చెమటలు పడతాయి. వెండర్ల ఒప్పందాల్లోనూ ఇంచుమించు అదే మాట ఉంటుంది, కాకపోతే అరవై పేజీల మధ్యలో. అక్కడిదాకా ఎవరూ చదవరు కాబట్టి టెన్షన్ లేదు.

అసలు ప్రశ్న మాత్రం మేనేజరుగారిదే: "రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఎవర్ని తిట్టాలి?" వెండర్‌కి ఏటా కట్టే ఏఎంసీ, అంటే మెయింటెనెన్స్ కాంట్రాక్టు సొమ్ములో సగం ఆ తిట్లు పడే మనిషి కోసమే. అతను ఫోనెత్తి, సార్ ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి, అంటాడు. ఆ 'సార్'కి వెల కట్టగలమా?

తిట్టడానికి మనిషి లేకపోతే ఎంత అవస్థో 2021 డిసెంబరులో లోకమంతా చూసింది. జావా ప్రోగ్రాముల్లో ఏం జరుగుతోందో చిట్టా రాసిపెట్టే లాగ్‌ఫోర్‌జే అనే ఓపెన్ సోర్స్ కోడ్‌లో పెద్ద భద్రతా లోపం బయటపడింది. ఏ కమిటీనీ అడగకుండానే ఆ సరుకు తమ జావా ప్రోగ్రాముల్లో ఏళ్లుగా కాపురముంటోందని చాలా కంపెనీలకు అప్పుడే తెలిసింది. దాన్ని చూసుకునేదేమో జీతం లేని కొద్దిమంది వాలంటీర్లు.

మరుసటి నెల, ఫార్చ్యూన్ 500లో ఉన్న ఒక కంపెనీ స్వీడన్‌లోని డేనియల్ స్టెన్‌బర్గ్‌కి మెయిల్ పెట్టింది. ఇంటర్నెట్‌లో డేటా అటూ ఇటూ చేరవేసే కర్ల్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఆయనది. లాగ్‌ఫోర్‌జే సంగతి 24 గంటల్లో చెప్పాలట. కర్ల్ సీ భాషలో రాసింది, లాగ్‌ఫోర్‌జేతో దానికి చుట్టరికమే లేదు. పైగా ఆయనకి వాళ్లిచ్చింది పైసా లేదు. సపోర్ట్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టండి, జవాబిస్తాను అన్నాడాయన. వాళ్లు ఆయన్ని 'డేవిడ్' అని పిలుస్తూ, అయితే మేం మీ కస్టమర్లం కాదంటారా అని అడిగారు. ఎంత అమాయకత్వం!

మా కమిటీ ఇదంతా శ్రద్ధగా చదివి, ఫారంలో రెండు గడులు చేర్చింది: తయారీదారు జీఎస్టీ నంబరు, రాత్రి రెండింటికి ఎత్తే ఫోన్ నంబరు. స్వీడన్ నుంచి ఇంకా ఏమీ రాలేదు. నిన్ననే రెండో రిమైండర్ వెళ్లింది, డేవిడ్ గారికి.