మైకు లేని వరం చెల్లదు

మా చర్చి సంఘంలో దేవుడు ఎవరికి ఏ వరం ఇచ్చాడో తేల్చడానికి ఐదుగురు సభ్యుల కమిటీ ఉంది. దానికి కార్యదర్శిని నేను. ఏటా వార్షికోత్సవానికి ముందు తలాంతుల పరీక్ష పెడతాం; తలాంతు అంటే మా వాడుకలో దేవుడిచ్చిన వరం. నెగ్గినవారికి శాలువా, జ్ఞాపిక, ఫ్లెక్సీ మీద ఫోటో. ఈ ఏడాది ఫలితాలు చెప్పాక కొందరు గొణుక్కుంటున్నారని తెలిసింది. వారికి సమాధానం చెప్పడం నా విధి.

మా నిబంధన ఒక్కటే. వరం అన్నాక మైకులో వినబడాలి. పాట వినబడుతుంది, ప్రసంగం వినబడుతుంది, కీబోర్డు అవసరానికి మించి వినబడుతుంది. వినబడని వాటికి మార్కులు వేసే పద్ధతి మా దగ్గర లేదు.

వార్షికోత్సవం నాడు మూడు వందల మందికి వండిపెట్టే ఆమె సంగతే చూడండి. ఎసరు ఎంత పెట్టాలో ఆమెకు కొలపాత్ర చెప్పనక్కరలేదు. పులుసులో ఉప్పు తగ్గితే గాడిపొయ్యికి నాలుగు అడుగుల దూరంలో నిలబడి వాసనతో పసిగడుతుంది. కిందటి ఏడు ప్రసంగీకుడు 'చివరిగా ఒక్క మాట' అని నాలుగుసార్లు అన్నాడు. మేమందరం మొదటి మూడుసార్లూ నమ్మి చెప్పులు వెతుక్కున్నాం. ఆమె ఒక్కసారి కూడా నమ్మలేదు. బియ్యం కడిగి పక్కన పెట్టుకుని, నాలుగోసారి అన్నప్పుడు ఎసట్లో పోసింది. వడ్డించేసరికి అన్నం పొగలు కక్కుతోంది. ఇంతటి వివేచన సంఘంలో మరొకరికి లేదని కమిటీ లోలోపల ఒప్పుకుంది కూడా. అయితే వంటపాకలో మైకు లేదు. శాలువా గంటన్నర మాట్లాడినాయనకు వెళ్లింది. ఆయన దాన్ని భుజాన వేసుకుని వచ్చి, మారు అన్నం పెట్టించుకున్నాడు.

మాది నరసాపురం వైపు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ఇళ్లలోంచి ఇక్కడి ఆడవాళ్ల చేతుల్లోకి వచ్చిన లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ప్రభుత్వం గుర్తించినంత మాత్రాన మేమూ గుర్తించాలని ఎక్కడా రాసి లేదు. మా వేదిక మీది బల్లకు పరిచిన లేసు గుడ్డ ఒక విధవరాలు అల్లింది. ఆ గుడ్డ మీద మైకు నిలబెట్టగానే ఘనతంతా మైకుకు బదిలీ అవుతుంది. ఇది ఎవరూ చేసిన కుట్ర కాదు, ఆనవాయితీ.

ఇక్కడ మా కోశాధికారి ఒక చిక్కు తెచ్చిపెట్టాడు. తలాంతు అనేది మొదట వరానికి పేరు కాదట, తూకానికి పేరట. వెండి తలాంతు ఒకటి దాదాపు 6,000 దేనారాలు. దేనారం ఒక రోజు కూలి. అంటే ఒక్క తలాంతు ఇంచుమించు ఇరవై ఏళ్ల రెక్కల కష్టం. ఆ లెక్కన, ఇరవై ఏళ్లుగా అరుగు మీద కూర్చుని అల్లుతున్న ఆమె దగ్గర ఒక నిండు తలాంతు ఉన్నట్టే అన్నాడు. (కోశాధికారి బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఇన్నేళ్లలో సంఘం ఖాతాలో రూపాయి తేడా రాలేదు. అది కూడా వరం కిందకు రాదు.)

సరే, న్యాయం కోసం నేనే స్వయంగా ఆమె ఇంటికి వెళ్లాను. "అత్తా, నీకు దేవుడిచ్చిన వరం ఏమిటి?" అని అడిగాను.

"నాకేం వరాలుంటాయి నాయనా! పాట రాదు, నలుగురిలో ప్రార్థన చేయాలంటే నోరు పెగలదు."

"మరి ఈ అల్లిక?"

"ఇది పని కదా," అంది, సూది ఆపకుండానే.

కమిటీకి ఇంతకంటే ఏం కావాలి? ఏళ్ల తరబడి మేమిచ్చిన శిక్షణ ఎంత లోతుగా నాటుకుందో చూడండి. యేసు చెప్పిన కథలో మూడో దాసుడు, యజమాని అప్పగించిన తలాంతును తానే గుంట తవ్వి పాతిపెట్టుకోవలసి వచ్చింది. పాపం, అప్పట్లో కమిటీలు లేవు.

బైబిల్లోనే రుజువులున్నాయని వాదించేవారూ ఉన్నారు. దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించారట. ఆమె పాడిన పాట ఒక్కటీ వినిపించలేకపోయారన్నది గమనించాలి. సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట ఉండి గుడారాలు కుట్టాడు. మా వార్షికోత్సవానికి ఆయనే వస్తే దరఖాస్తులో వృత్తి చూసి షామియానా వాళ్లతో కూర్చోబెట్టేవాళ్లం. వాళ్ల భోజనం ఆఖరి బంతిలో. ఉత్తరాలు బాగా రాస్తాడని ఎవరైనా సిఫారసు చేస్తే, ఆహ్వానపత్రికల మీద చిరునామాలు రాసే పని ఇచ్చేవాళ్లం.

స్థానిక చరిత్ర కూడా మాకు అంత అనుకూలంగా లేదు. 1836లో ఇంగ్లండు నుంచి ఈ దేశం వచ్చి, తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త చెప్పిన బీర్, బౌడెన్ దొరల్లో ఒకరు చెప్పులు కుట్టేవాడు, ఇంకొకరు రాళ్లు చెక్కే మేస్త్రి. కాటన్ దొర గొప్ప భక్తుడే. కానీ 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టి 1852కల్లా ఆయన పూర్తి చేసింది ఆనకట్ట, ఉజ్జీవ సభ కాదు. డెల్టాలో ఏ ఊరి కూడలిలో చూసినా ఆయన విగ్రహం కనిపిస్తుంది. కమిటీ పనిగట్టుకుని నాలుగు విగ్రహాలు పరిశీలించింది. ఒక్కదాని చేతిలోనూ మైకు లేదు. శిల్పుల అశ్రద్ధ అని మినిట్సులో రాసుకున్నాం.

చివరిగా (నిజంగానే చివరిగా) కాలువ మీద పనిచేసే మా లస్కరు విషయం. దాళ్వాకు, అంటే రెండో పంటకు, వంతులవారీ నీళ్లు వదులుతున్న రోజుల్లో మా సభలు జరిగాయి. ప్రసంగీకుడు జీవజల నదుల గురించి గొంతు చించుకుంటున్న వేళ ఇతను తూము దగ్గర ఉన్నాడు. శివారు చేలకు నీరందాకే వచ్చి, కాళ్లకు బురదతో వెనక నిలబడ్డాడు. ఆలస్యానికి మందలించాం. ఈ ఏడాది ఎవరో బలవంతపెట్టగా దరఖాస్తు నింపాడు. 'మీకు గల వరం' అన్నచోట ఇలా రాశాడు: "తూము ఎత్తగలను, దించగలను. రాత్రివేళ నీటి చప్పుడు విని శివారుకు ఎంత పోతోందో చెప్పగలను."

కమిటీ గంటసేపు తర్జనభర్జన పడింది. చప్పుడు అన్నాడు కాబట్టి సంగీత విభాగంలో పరిశీలించవచ్చని అధ్యక్షులవారు ఉదారంగా సూచించారు. పరిశీలించాం. శ్రుతి పేర్కొననందున దరఖాస్తు వాపసు చేశాం.