కాన్పులకు వేలంపాటా?

మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే రూ.50 వేల డిపాజిట్, మగపిల్లాడైతే ఆవు. 2025 మహిళా దినోత్సవ వేళ విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు ప్రకటించిన నజరానా ఇది. సొమ్ము తన జీతంలోంచే ఇస్తారట. ఎవరి జేబులోదైతేనేం? అధికార పక్షం ఎంపీ పలికిన రేటు రేపు సర్కారు పథకమైతే ఆపేదెవరు? ఆడవాళ్ల కాన్పులకు పాలకులు ధర కట్టే అలవాటు గురించే మా ఆందోళనంతా.

రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో మహిళ కనే పిల్లల సగటు, 1.7కు పడిపోయింది, వృద్ధుల సంఖ్య పెరుగుతోంది, నియోజకవర్గాల పునర్విభజనలో సీట్లు తగ్గుతాయేమోనన్న భయమూ ఉంది. కాదనం. దానికి మందు ఇది కాదు.

నిన్నటిదాకా పిల్లలు వద్దనిపించడానికి ధర కట్టిందీ ఈ పాలకులే. ఎమర్జెన్సీ నాటి 1976-77లో దేశమంతటా 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించారు. హడలిపోయిన మగవాళ్లు ఆ తర్వాత ఆపరేషన్ బల్ల దరిదాపులకు రాలేదు, బరువంతా ఆడవాళ్ల మీద పడింది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ (ఆడవాళ్ల కు.ని. ఆపరేషన్) చేయించుకున్నవారే. మగవాళ్లకు చేసే వేసెక్టమీ అర శాతమైనా లేదు. నిజానికి సులువైనది అదే: కోత, కుట్లు లేకుండా నిమిషాల్లో అయిపోతుంది. కాకపోతే మూడు నెలలు కండోమ్ వాడి, ఆపై వీర్య పరీక్ష చేయించాలి. ఆ ముక్క చెప్పకుండా పంపితే భార్య నెల తప్పుతుంది, ఊళ్లో ఇంకెవరూ ముందుకు రారు.

ఇన్ని ఆపరేషన్లు చేయాలన్న లక్ష్యాలు ఎత్తేశామని 1996లోనే చెప్పారు. అయినా లెక్కల యావ పోలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే సర్జన్, కడుపులోకి పంపే ఒకే గొట్టపు పరికరం (లాపరోస్కోపు)తో కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. ఒక పరికరంతో రోజుకు పదికి మించకూడదన్నది నిబంధన. ఎందుకంటే ఆపరేషన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య దాన్ని క్రిములను చంపే గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు ఉంచాలి. లెక్క కోసం తొందరపడితే ఆ 20 నిమిషాలే ముందు ఎగిరిపోతాయి. శిబిరం ముగిశాక పదిమందికి పైగా తల్లులు చనిపోయారు.

ధర తిరగేసి కట్టిన దేశాల గతీ చూశాం. రొమేనియా 1966లో గర్భస్రావాలను నిషేధిస్తే మరుసటి ఏడు జననాలు ఇంచుమించు రెట్టింపయ్యాయి, తర్వాత మళ్లీ జారిపోయాయి. నాటు పద్ధతుల పాలబడి వేలమంది స్త్రీలు బలయ్యారు. ఇద్దరితో ఆపమన్న సింగపూర్ 1987లో ముగ్గురిని కనమంది. ఎన్ని తాయిలాలిచ్చినా ఇవాళ అక్కడ సంతానోత్పత్తి రేటు ఒకటి కంటే తక్కువ. బంగ్లాదేశ్ కూడా చీరలు, డబ్బు ఆశ చూపి ఆపరేషన్లు చేయించి మాటపడింది. అక్కడ ఫలించింది మాత్రం మహిళా కార్యకర్తలు గడపగడపకూ తెచ్చిచ్చిన మాత్రలు, ఇంజెక్షన్లు.

మనకూ ‘అంతర’ గర్భనిరోధక ఇంజెక్షన్ ఉంది, మూడు నెలలకోసారి. మొదట్లో నెలసరి క్రమం తప్పుతుందని, మరకలు కనిపిస్తాయని ముందే చెప్పకపోతే రెండో డోసుకు రారు. సిక్కోలు నుంచి చెన్నైకో గుజరాత్‌లోని వెరావల్‌కో వలసపోయిన కుటుంబానికి గడువు దాటాక నాలుగు వారాల వెసులుబాటు ఉందని కార్డు మీద రాసివ్వాలి. ఇరాన్ 2021 చట్టంతో ఉచిత గర్భనిరోధకాలకే ఎసరు పెట్టింది. ముగ్గురిని కనండన్న పాట మొదలైంది కాబట్టి, మన పీహెచ్‌సీల్లో ఈ నిల్వలకు కోత పడదని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి.

ముగ్గురు పిల్లలుంటే పంచాయతీ పోటీకే అనర్హులన్న నిబంధనను మూడు దశాబ్దాలు మోసి, 2024 నవంబరులో ఎత్తేశారు. ఇప్పుడు మూడో బిడ్డకు ఆవు! ఎంపీ ఆ ప్రకటనను ఉపసంహరించుకోవాలి. ఇద్దరు చాలని ఆశా కార్యకర్తను ఏ ఇంటికి పంపారో, మూడో బిడ్డ ఏదని అదే ఇంటికి ఆమెను ఏ మొహంతో పంపుతారు?