పదో తరగతికీ పద్దెనిమిదేళ్ళకూ మధ్య

మార్చి, ఏప్రిల్ నాటికి పదో తరగతి పరీక్షలు అయిపోతాయి. జూన్‌లో ఇంటర్ తరగతులు మొదలయ్యేలోగా వైశాఖ ముహూర్తాలు వచ్చిపడతాయి. వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది ఆడపిల్లల చదువు ఆగేది ఈ సందులోనే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ళ స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. దేశ సగటు 23.3. హైదరాబాద్ మేడలు చూసి మురిసిపోయే మనకు ఇది రుచించని అంకె.

తల్లిదండ్రులను మూర్ఖులని తిట్టిపోయడం తేలిక. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. ఊళ్ళో బడి పదితో సరి. కాలేజీకి నర్సంపేటో పరకాలో వెళ్ళాలి. సాయంత్రం బస్సు తప్పిందంటే పిల్ల ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది, మర్నాటికి నలుగురి నోళ్ళలో పడుతుంది. పత్తి ఏరే రోజుల్లో తల్లీతండ్రీ పొద్దున్నే చేనుకు పోతే ఇంట్లో పిల్ల ఒక్కతే. ఒక అయ్య చేతిలో పెట్టేస్తే గుండెల మీద కుంపటి దిగుతుందనుకుంటారు. పైగా డిగ్రీ చదివించితే ఉద్యోగస్తుణ్ణి వెతకాలి, కట్నం రెట్టింపవుతుంది. ఆ కట్నాల ధర పెంచినవాటిలో అమెరికా సంబంధాలూ ఉన్నాయి. ఆ మాట మన ప్రవాస తెలుగు సంఘాల సభల్లో ఎవరూ ఎత్తరు.

2014లో రూ.51,000తో మొదలై రూ.1,00,116కు పెరిగిన రాష్ట్ర ప్రభుత్వ పెళ్ళి సాయం, కల్యాణలక్ష్మి పథకానికి వధువు వయసు పద్దెనిమిది నిండాలి. మంచి షరతే. కానీ అది పెళ్ళికిచ్చే డబ్బు. పదహారో ఏట పిల్లను చదువులో నిలబెట్టేది కాదు.

పెళ్ళయిన ఏడాదికే కాన్పు. అసలే రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత. తల్లికి గండం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టే భయం. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం కింద ఇరవై ఏళ్ళు నిండేలోపు ఆ పెళ్ళిని రద్దు చేయమని ఆమె కోర్టును కోరవచ్చు. చంకలో బిడ్డతో, అత్తవారింటి నుంచి, కన్నవాళ్ళను కాదని ఎంతమంది వెళ్ళగలరు? పెళ్ళికి ముందే ఎవరైనా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేస్తేనే మేలు.

మన సంఘాల డబ్బు మాత్రం ఊరి ముందు కమాన్లకూ, వాటి మీద దాతల పేర్లకూ పోతోంది. ఆ ఖర్చుతో కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలకు సాయంత్రం ఒక వ్యాను పెట్టవచ్చు. రెండేళ్ళ హాస్టలు ఫీజు కట్టవచ్చు. వచ్చే సర్వసభ్య సమావేశంలో కమాన్ల పద్దు చదివినప్పుడు నేను లేచి ఈ వ్యాను సంగతే అడగబోతున్నాను.