చిన్న రైలుకి కన్నీళ్లు సరే, తాళాలు ఎవరికిస్తారు?

నౌపడ–గుణుపురం చిన్న రైలు ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. 2004 జూన్‌లో చివరి బండి వెళ్లిపోయింది. అయినా అప్పుడప్పుడూ దాని ఫొటో ఒకటి మన శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. కింద అవే మాటలు: ‘ఎంత బాగుండేదో’, ‘పరాయి దేశంలో అయితే కళ్లకద్దుకుని కాపాడుకునేవారు’. మొదటి మాటతో నాకు తగాదా లేదు. రెండో దానితోనే పేచీ. పరాయి దేశంలో ఒకచోట ఎలా కాపాడుకున్నారో కళ్లారా చూసి వచ్చాక ఆ పేచీ ఇంకాస్త పెరిగింది.

ముందు మన రైలు కథ. పర్లాకిమిడి మహారాజా గౌరచంద్ర గజపతి తన ఊరిని నౌపడ దగ్గర మెయిన్ లైనుతో కలపాలని పట్టుబట్టి వేయించిన లైను ఇది. ఆ రోజుల్లో ఏడు లక్షల రూపాయలు ఖర్చయింది. 1900లో బండి నడిచింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. నౌపడ ఉప్పు మడుల దగ్గర బయల్దేరి టెక్కలి, పెదసాన, తెంబూరు, గంగువాడ, పాతపట్నం, ఆపైన మహేంద్రతనయ అవతల పర్లాకిమిడి. సుమారు 40 కిలోమీటర్లు. మొదటి పదేళ్లూ నష్టాలే. తర్వాత నిలదొక్కుకుంది. 1929–31 మధ్య గుణుపురం దాకా పొడిగించారు. దాంతో మొత్తం 90 కిలోమీటర్లయింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటే ఉండిపోయింది. గిడుగు రామమూర్తి పంతులుగారు అది నచ్చక పర్లాకిమిడే వదిలి వచ్చేశారు. పాపం రైలుకి ఆ వీలు లేదు, రెండు రాష్ట్రాల్లోనూ తిరగక తప్పలేదు.

మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. అక్కడి నుంచి వేల్స్ వైపు వెళ్లే రైలెక్కితే గంటన్నరలో వెల్ష్‌పూల్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరి నుంచి లాన్‌ఫేర్ అనే పల్లెకి ఒక చిన్న రైలుంది. దాని గేజీ, అంటే పట్టాల మధ్య ఎడం, రెండున్నర అడుగులే, అచ్చం మన రైలుదే. మనది మొదలైన మూడేళ్లకి, 1903లో అది మొదలైంది. దాని వెనకా ఒక జమీందారు ఉన్నాడు. అందుకే మొదటి రెండు ఇంజన్లకీ ‘ది ఎర్ల్’ అని ఆయన హోదా, ‘ది కౌంటెస్’ అని ఆయన భార్య హోదా పేర్లుగా పెట్టారు. పోవిస్ ప్రభువు అక్కడ, గజపతి మహారాజు ఇక్కడ. ఈ గేజీతో పెద్ద పనులు చేయొచ్చని 1897లోనే చేసి చూపించింది మహారాష్ట్రలోని బార్సీ లైట్ రైల్వే. దాన్ని నిర్మించిన కాల్‌త్రాప్ అనే ఇంజనీరు ఆ తర్వాత అదే గేజీతో ఇంగ్లండ్‌లో ఒక లైను వేశాడు. చిన్న రైలు విద్య అంతా అక్కడి నుంచే వచ్చిందనుకునేవాళ్లకి ఈ ముక్క చెప్పాలి.

వెల్ష్‌పూల్ రైలుని ఇప్పుడు నడుపుతున్నది ఎక్కువగా జీతం లేని మనుషులు. నేనెక్కిన బండిలో బొగ్గు వేస్తున్నావిడ మిగతా రోజుల్లో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుందట. ఆవిడ పని కాసేపు నిలబడి చూశాను. గాజు గొట్టంలో నీటి మట్టం చూస్తుంది. ఫైర్‌బాక్స్ తలుపు తీస్తుంది. పార లోపలికి పోనిచ్చి చివర్లో మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే బొగ్గు వెనక మూలకి పడుతుంది. వెంటనే తలుపు మూసేస్తుంది, చల్లగాలి లోపలికి పోతే ఆవిరి పడిపోతుంది కాబట్టి. ఊరు దాటగానే ఎదురయ్యే గోల్ఫా ఎక్కుడులో 29 అడుగులకి ఒక అడుగు చొప్పున ఎత్తు పెరుగుతుంది. అక్కడ ఆవిరి చాలకపోతే బండి ఆగిపోతుంది, వెనక బోగీల్లో పిల్లలూ ముసలివాళ్లూ ఉంటారు. సరదాగా శని, ఆదివారాలు వచ్చి చేసిపోయే పని కాదిది. ఇలాంటి రైళ్లలో చేరినవాళ్లు ముందు గుడ్డ పట్టుకుని ఇంజన్ తుడవాలి. నేర్చుకుని, పరీక్ష పాసయితే ఫైర్‌మన్. ఇంకొన్నేళ్లు గడిచి, ఇంకో పరీక్ష పాసయితే డ్రైవర్. పైన ప్రభుత్వ భద్రతా సంస్థ ఉంటుంది, లెక్క అడుగుతుంది. వేగం గంటకి 25 మైళ్లు దాటకూడదు.

బోగీలు ఎక్కడెక్కడివో. ఆస్ట్రియా నుంచి కొన్ని, హంగరీ నుంచి కొన్ని. సియెర్రా లియోన్‌లో రెండున్నర అడుగుల లైను 1970లలో మూతపడితే అక్కడి నుంచి ఓడలో నాలుగు బోగీలూ ఒక ఇంజనూ తెచ్చుకున్నారు. ప్రపంచంలో ఎక్కడ ఈ గేజీ రైలు ఆగిపోయినా వీళ్ల చెవిన పడేదన్నమాట.

సాయంత్రం తిరుగు రైలుకి టైముండటంతో చిన్న రైలు పాత దారిలో నడిచాను. ఇప్పుడు చిన్న రైలు ఊరి చివర రేవెన్ స్క్వేర్ దగ్గర ఆగిపోతుంది. ఒకప్పుడు ఊరి మధ్యలోంచి, ఇళ్ల పెరళ్ల పక్కనుంచి, ఒక వాగు మీదుగా పెద్ద స్టేషన్ దాకా వెళ్లేది. మైలు లోపే ఉంటుంది ఆ ముక్క. ఇళ్ల మధ్య ఇరుకు సందు ఒకచోట చూస్తే ఇందులోంచి రైలెలా పోయిందా అనిపించింది. ఇంకోచోట కార్లు పార్క్ చేసి ఉన్నాయి. 1963లో స్వచ్ఛంద కార్యకర్తలు లాన్‌ఫేర్ వైపు రైలు మొదలుపెట్టిన ఏడాదే ఈ ఊరి మధ్య ముక్క మూతపడింది. బజార్లోంచి రైలు పోవడం ఊరి పెద్దలకి ఇష్టం లేకపోయింది. కళ్లకద్దుకున్నారని మనం అనుకునే చోట కూడా కొంత పోగొట్టుకునే మిగిల్చుకున్నారు. మళ్లీ ఊరి అంచు దాకా, అంటే రేవెన్ స్క్వేర్ దాకా రైలు రావడానికి 1981 అయింది. అక్కడున్న స్టేషన్ భవనం కూడా వేరే ఊర్లో మూతపడ్డ స్టేషన్‌ది, విప్పి తెచ్చి పెట్టుకున్నారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ రైలుని కాపాడగలిగింది ప్రేమ ఒక్కటే కాదు. ఆ లైను ముందే చచ్చిపోయింది. బస్సులొచ్చాక 1931లోనే ప్రయాణికుల బండ్లు ఆపేశారు. 1956లో గూడ్సు కూడా ఆగింది. ఎవరికీ పనికిరాని లైను కాబట్టే, మాకివ్వండి నడుపుకుంటాం అని కొందరు అడిగితే బ్రిటిష్ రైల్వేస్‌కి పోయేదేమీ లేకపోయింది. లీజుకిచ్చింది, తర్వాత అమ్మేసింది. పైగా 1896లోనే చిన్న లైన్ల కోసం వేరే చట్టం ఉంది. ఒక సంఘం కంపెనీగా ఏర్పడి రైలు నడిపే హక్కు, దాంతోపాటు బాధ్యతా తీసుకోవడానికి దారి కాగితం మీద ముందే ఉంది.

మన రైలు పనికిరానిదై ఆగలేదు. జనం ఎక్కుతుండగానే ఆగింది, పెద్ద రైలు రావడానికి. 2002లో బ్రాడ్ గేజీకి శంకుస్థాపన జరిగింది. 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా కొత్త పట్టాల మీద బండి వచ్చింది. ఇప్పుడు పాతపట్నంలో ఎక్కినవాళ్లు బండి మారకుండా విశాఖలో దిగొచ్చు. చిన్న రైలు రోజుల్లో నౌపడలో దిగి, మూటా ముల్లే మోసుకుని, మెయిన్ లైను బండి కోసం కాసుకుని కూర్చునేవారు. సరుకయితే చిన్న వ్యాగన్లోంచి పెద్ద వ్యాగన్లోకి కూలీలు మోసి ఎక్కించేవారు. విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్లాల్సిన రోగికి రైలు మారే బాధ తప్పించిన పట్టాల్ని చూసి, ఫోన్లో పాత ఫొటో చూసుకుంటూ అయ్యో అనే హక్కు మనకెక్కడిది? ‘ఎందుకు కాపాడుకోలేదు’ అన్న ప్రశ్నే తప్పంటాను.

దీనివల్ల ఇంకో చిక్కుంది. వెల్ష్‌పూల్‌లో పాత దారిలో నడవొచ్చు, ఎందుకంటే అక్కడ రైలు లేదు. మన పాత దారి చాలావరకు కొత్త పట్టాల కిందే ఉంది. దాని మీద నడిస్తే రైల్వే చట్టం ప్రకారం నేరం, పైగా ప్రాణానికి ముప్పు. అందుకే టెక్కలి నుంచి పాతపట్నం వైపు రోడ్డు వెంటే కొంత దూరం వెళ్లి, గేట్ల దగ్గరా ఊళ్ల దగ్గరా ఆగుతూ చూశాను. కట్ట పక్కన తాటిచెట్లు, వరిమళ్లు. దూరాన మహేంద్రగిరి. ఇక్కడ చిన్న రైలు నడిచిందని చెప్పే బోర్డు గానీ రాయి గానీ నా కంటికి కనిపించలేదు.

కనిపించింది ఒక మనిషి. టీ కొట్టు దగ్గర మాట కలిపితే చిన్న రైలు రోజుల్లో కీమాన్‌గా చేశానన్నాడు. భుజాన సుత్తీ పానా వేసుకుని రోజూ తన వంతు పట్టాల పొడుగునా నడిచి, పట్టాల్ని పట్టి ఉంచే ‘కీ’లు వదులైతే బిగించే పని అది. ఎలా తెలిసేదని అడిగితే గ్లాసు బల్ల మీద పెట్టి చెంచాతో కొట్టి చూపించాడు. ‘దెబ్బేస్తే ఖంగుమని మోగాల బాబూ. మూగగా ఇనబడిందంటే ఒదులైపోనాదని లెక్క.’ వాన రోజుల్లో ఒకలా, ఎండల్లో ఒకలా మోగుతుందట. ఈ తేడా ఏ రిజిస్టర్‌లోనూ రాసి ఉండదు. ఇలాంటివాళ్లు నౌపడ నుంచి గుణుపురం దాకా ఇంకా ఎంతమంది మిగిలారో లెక్కపెట్టే పని కూడా ఎవరి నెత్తినా లేదు.

మనవాళ్లకి స్వచ్ఛందంగా పనిచేసే అలవాటు లేదని తేలిగ్గా అనేస్తారు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసినవాడెవడూ ఆ మాట అనడు. మాను వెతికి తేవడం దగ్గర్నుంచి ఆ జనం మధ్య దాన్ని తిప్పి దించేదాకా ఎన్ని చేతులు పడతాయో, వాటిలో జీతం తీసుకునేవి ఎన్నో చూస్తే తెలుస్తుంది. ఉత్సవం సంగతి వేరు, ఏడాదంతా ఓపిగ్గా చేసే పని ఏదీ అంటారా? శ్రీకాకుళంలోనే కథానిలయం ఉంది. కథకుడు కాళీపట్నం రామారావు, మన కారా మాస్టారు, 1997లో మొదలుపెట్టారు, తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టారు. తెలుగు కథ అచ్చయిన ప్రతి కాగితమూ ఒకచోట ఉండాలని ఎందరో కలిసి ఊరూరా తిరిగి పాత పత్రికలు పోగు చేశారు. వెల్ష్‌పూల్‌వాళ్లు బోగీల కోసం దేశాలు గాలించినట్టే ఇదీ. కాకపోతే కథలు దాచుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. రైలు చక్రం ఒక్కటి కదపాలన్నా డివిజన్ ఆఫీసు దాకా ఫైలు నడవాలి.

మన దేశంలో వారసత్వ రైళ్లు లేవని కాదు. డార్జిలింగ్ రైలుకి 1999లో, నీలగిరికి 2005లో, కల్కా–సిమ్లాకి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అన్నీ రైల్వే ఉద్యోగులు నడిపేవే. బయటి మనిషి టికెట్ కొని ఎక్కడం, ఫొటో తీసుకోవడం, దిగిపోవడం. అంతకు మించి అతనికి అక్కడ పని లేదు. రైల్వేవాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. ఎవడో ఉత్సాహవంతుడు బాయిలర్ పేల్చేస్తే సమాధానం చెప్పాల్సింది వాళ్లే. కానీ ఆ భయానికి మందు అందర్నీ బయట నిలబెట్టడం కాదు, శిక్షణ, పరీక్ష, బీమా, రాసుకున్న ఒప్పందం. గుడ్డతో ఇంజన్ తుడవడం దగ్గర మొదలయ్యే ఆ నిచ్చెన అందుకే ఉంది.

కాబట్టి టెక్కలిలో మళ్లీ ఆవిరి రైలు కూత వినిపించాలని నేను అడగను. పట్టాలే లేని చోట అది డబ్బు దండగ. బొగ్గు దొరకడం, చేతులు దొరకడం బ్రిటన్‌లోనే కష్టమవుతోంది, అక్కడ పెద్దవాళ్లు తప్పుకుంటుంటే కుర్రాళ్లు చాలినంత మంది రావడం లేదు. అడిగేది చిన్నవి. నౌపడ స్టేషన్‌లో ఒక గది, దాని తాళం ఒక స్థానిక సంఘం చేతిలో. అందులో ఆ లైను మీద పనిచేసినవాళ్ల మాటలు, వాళ్ల గొంతులోనే. పాత నక్షాలు, టైం టేబుళ్ల నకళ్లు. పట్టాల జోలికి పోకుండా ఊరి బాటల మీదుగా నౌపడ నుంచి పాతపట్నం దాకా నడక దారి, స్టేషన్ ఉన్న ప్రతి ఊళ్లో ఒక తెలుగు బోర్డు. బొబ్బిలి–సాలూరు మధ్య తిరిగిన ఒంటి బోగీ రైల్‌బస్సుకీ ఇలాంటి ఏర్పాటే కావాలి, అది ఫొటోల్లోకి జారిపోకముందే.

తొందర ఎందుకంటే, 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వాల్తేరు రైల్వే డివిజన్ విభజనలో రాజావారి లైను కూడా రెండు ముక్కలైంది. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా విశాఖపట్నం డివిజన్, దక్షిణ కోస్తా జోన్. పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా కొత్త రాయగడ డివిజన్, తూర్పు కోస్తా జోన్. వాల్తేరు డివిజన్‌గా ఒక్క కప్పు కింద ఉన్నంతకాలం ఈ లైను కోసం ఒక్క అర్జీ పెడితే సరిపోయేది. ఆస్తులూ రికార్డులూ పంచుకునే జాబితాలో చిన్న రైలు కాగితాలకీ సామాన్లకీ విడిగా ఒక పద్దు ఉండాలని శ్రీకాకుళం ఎంపీ, ఎమ్మెల్యేలు ఇప్పుడే రాతపూర్వకంగా అడగాలి. ఆ పంపకం పూర్తయ్యాక ఒక్క పాత నక్షా నకలు కావాలన్నా రెండు జోన్ల ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.