మనం ఎదురుచూసింది మ్యాచ్ కోసమా, ఛెత్రీ కోసమా?

2024 జూన్ 6న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియానికి 58 వేల మందికి పైగా వచ్చారు. భారత్, కువైట్ ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వాలిఫయర్ అది. చిన్నప్పటి నుంచీ ఈ జట్టుని పట్టుకుని వేలాడుతున్న మాలాంటి వాళ్లకి మే నెలంతా అదే ధ్యాస, అదే టెన్షన్. ఇండియా ఫుట్‌బాల్‌లో అలాంటి ఎదురుచూపు చాలా అరుదు. అయితే ఆ రోజుల్లో మనం దేనికోసం ఎదురుచూశాం అన్నది ఇప్పుడైనా అడగాల్సిన ప్రశ్న.

మ్యాచ్‌కి ముందు లెక్క ఇదీ. నాలుగు జట్ల గ్రూపులో మొదటి రెండే క్వాలిఫయర్స్ మూడో రౌండ్‌కి వెళ్తాయి. ఖతార్ 12 పాయింట్లతో అప్పటికే అందనంత దూరంలో ఉంది. భారత్‌కి 4, అఫ్గానిస్తాన్‌కి 4, కువైట్‌కి 3. గెలిస్తే మనకి 7 అవుతాయి, మూడో రౌండ్ దాదాపు ఖాయం. అక్కడికి భారత్ అంతకు ముందెప్పుడూ చేరలేదు. పైగా రెండో స్థానంలో నిలిస్తే 2027 ఆసియా కప్ బెర్తు కూడా నేరుగా దక్కుతుంది. ఇదే కువైట్‌ని 2023 నవంబర్‌లో వాళ్ల గడ్డ మీదే మన్వీర్ సింగ్ గోల్‌తో ఓడించాం. మార్చిలో గువాహటిలో అఫ్గాన్ల చేతిలో 1-2తో ఓడకపోయి ఉంటే ఇంత పీకల మీదికి వచ్చేదే కాదు. అభిమానికి ఎదురుచూపు అంటే చాలావరకు ఇదే: పాయింట్ల పట్టిక ముందేసుకుని, అటు డ్రా అయితే ఏంటి, ఇటు ఓడితే ఏంటి అని రాత్రిళ్లు కూర్చుని కూడికలు, తీసివేతలు చేయడం.

కానీ బయట ఈ లెక్క ఎవరికీ పట్టలేదు. మే 16న భారత కెప్టెన్ సునీల్ ఛెత్రీ వీడియో పెట్టి, కువైట్ మ్యాచే తన ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్ అన్నాడు. 94 గోల్స్ కొట్టినవాడు, పందొమ్మిదేళ్లు జట్టుని మోసినవాడు. ఆ క్షణం నుంచి క్వాలిఫయర్ కాస్తా వీడ్కోలు సభ అయింది. టీవీ చూసినా, ఫోన్ తెరిచినా ఛెత్రీ పాత గోల్స్, ఛెత్రీ కన్నీళ్లు. కువైట్ ఎలా ఆడుతుంది, మన జట్టుకి గోల్స్ ఎక్కడి నుంచి వస్తాయి అన్న చర్చ వెతికితే తప్ప కనిపించలేదు. అందులో ఛెత్రీ తప్పేమీ లేదు. ఇన్నేళ్లలో ఒక్క మనిషిని తప్ప ఇంకేదీ జనానికి చూపించలేకపోయిన వ్యవస్థది ఆ తప్పు.

ఆట 0-0తో ముగిసింది. రెండో హాఫ్ మొదట్లో రహీం అలీకి దొరికిన మంచి ఛాన్స్ వృథా అయింది. ఆ తర్వాత స్టేడియం అంతా ఛెత్రీ కోసం లేచి నిలబడింది, నిలబడాల్సిందే. ఐదు రోజులకి దోహాలో ఖతార్ 2-1తో మనల్ని ఓడించింది. వాళ్ల మొదటి గోల్‌కి ముందు బంతి గీత దాటి బయటికి పోయింది, రిఫరీ పట్టించుకోలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. కానీ మన అవకాశం జారిపోయింది దోహాలో కాదు, కోల్‌కతాలోనే. నేరుగా దక్కాల్సిన ఆసియా కప్ బెర్తు కోసం మళ్లీ ఇంకో రౌండ్ ఆడాల్సి వచ్చింది. 2025 మార్చిలో ఛెత్రీని నలభై ఏళ్ల వయసులో వెనక్కి పిలిచారు. అయినా ఆ అక్టోబర్‌లో మడ్గావ్‌లో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి ఆ దారీ మూసుకుపోయింది.

హైదరాబాద్ వాళ్లకి ఈ కథ ఇంకాస్త ఎక్కువ గుచ్చుకుంటుంది. మన హైదరాబాదీ రహీమ్ సాబ్ (సయ్యద్ అబ్దుల్ రహీమ్) కోచ్‌గా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ జట్టులోని తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. గోల్‌లో తంగరాజ్, డిఫెన్స్‌లో, అటాక్‌లో ఎక్కడంటే అక్కడ యూసుఫ్ ఖాన్. 1950 నుంచి 1954 దాకా అప్పటి పెద్ద దేశీయ టోర్నీ రోవర్స్ కప్‌ని వరసగా ఐదుసార్లు గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఇక్కడిదే. పెద్ద మ్యాచ్ అంటే మన బస్తీ కుర్రాడు ఎలా ఆడతాడో అన్న ఆత్రం అప్పట్లో. అది ఒక స్టార్ మీద మోజు కాదు. 2024 నవంబర్‌లో గచ్చిబౌలిలో మలేషియాతో 1-1 డ్రా చూసినప్పుడు, మైదానంలో మనూరి వాడంటూ చూపించడానికి ఒక్కడూ లేడు. ఆ ఏడాది జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదన్నది వేరే సంగతి.

ఇక 2025 జూలై 5. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో, ఆ దేశం జట్టుతోనే భారత మహిళల జట్టు ఆఖరి ఆసియా కప్ క్వాలిఫయర్. అప్పటికి రెండు జట్లూ మూడేసి మ్యాచ్‌లు గెలిచాయి, రెండూ 22 గోల్స్ కొట్టాయి, రెండూ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. గెలిచినవాళ్లు ఆసియా కప్‌కి, ఓడినవాళ్లు ఇంటికి. ర్యాంకింగ్‌లో థాయ్‌లాండ్ మనకన్నా చాలా పైన, పైగా సొంత మైదానం. ఇంతకంటే బిగువైన మ్యాచ్‌ని కావాలని కూర్చుని రాసినా రాయలేం. మా ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆ రోజు మధ్యాహ్నం దాకా దాని ఊసే లేదు. కువైట్ మ్యాచ్‌కి నెల ముందు నుంచి లెక్కలు కట్టిన గ్రూపే అది.

సంగీతా బస్ఫోర్ రెండు గోల్స్ కొట్టింది, భారత్ 2-1తో గెలిచింది. క్వాలిఫయర్స్ ఆడి నెగ్గి మన అమ్మాయిలు ఆసియా కప్‌కి వెళ్లడం అదే మొదటిసారి. ఆ జట్టులో నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య ఉంది. బలరామ్ కాలంలో అమ్ముగూడకి ఉన్నట్టు, తన జిల్లాకి ఆ సాయంత్రం ఎదురుచూడ్డానికి ఒక పేరు ఉంది. మ్యాచ్ ఉందన్న మాట ముందుగా అక్కడికి చేరవేసినవాళ్లే లేరు.