రసీదు ఉందా అవ్వా?

గ్రామసభలు పెడితే పేదరికం పోతుందా అని పట్నంలో కూర్చుని వెక్కిరించే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. వాళ్లెవరూ షామియానా కింద కూర్చున్న మొహాలు కావు. నేను కూర్చున్నాను. 2025 జనవరి 21 నుంచి 24 దాకా తెలంగాణలో ఊరూరా సభలు జరిగినప్పుడు, మా ఊరి బడి ఆవరణలో, ఒక కాలు సొట్టపోయిన ప్లాస్టిక్ కుర్చీలో. కాబట్టి ఈ విషయం మాట్లాడే అర్హత నాకుంది. అర్హత అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది.

సభ పదింటికన్నారు. ఎమ్మెల్యే గారు ఒంటిగంటకు వచ్చారు. దాన్ని ఆలస్యం అనకూడదు, వడపోత అనాలి. కూలి పోతుందని మధ్యలో లేచి వెళ్లిపోయినవాడికి సంపాదన ఉన్నట్టే కదా లెక్క!

వేదిక మీద సర్పంచ్ లేడు. సర్పంచ్‌ల పదవీకాలం 2024 ఫిబ్రవరి 1న ముగిసింది, అప్పటికింకా ఎన్నికలు పెట్టలేదు, ఊరిని ప్రత్యేకాధికారి చూసేవాడు. పెళ్లికొడుకు లేని పెళ్లి అని వెనక ఎవరో గొణిగారు. నేనొప్పుకోను. పెళ్లికొడుకు లేకపోతేనేం, మైక్ సెట్టు వచ్చింది, శాలువాలు వచ్చాయి, ఫ్లెక్సీలో పెద్దలందరి ఫోటోలూ ఉన్నాయి.

ఇక జాబితాలు. రైతు భరోసా, రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా. ఈ చివరిది నాకు మరీ నచ్చింది. భూమి లేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలు. అయితే 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పనికి పోయి ఉండాలి. నా పక్కన కూర్చున్నాయన 18 రోజులే పోయాడట. ‘జరమొచ్చింది సారూ, ఆఖరికి రెండు రోజులు పోలే’ అన్నాడు. జ్వరం వచ్చింది నిరుడు, నిబంధన వచ్చింది ఇప్పుడు. ఇంత ముందుచూపు లేని జ్వరాన్ని తెచ్చుకున్న మనిషిని ఏ ప్రభుత్వం మాత్రం ఎలా ఆదుకుంటుంది?

ఇళ్ల జాబితా చదవడం అయిపోయాక ఒక అవ్వ లేచింది. చేతిలో చీరల షాపు కవరు. ‘నా పేరు యాడ వోయింది సారూ?’ అంది.

ఎమ్మెల్యే గారు ప్రేమగానే అడిగారు: ‘రసీదు ఉందా అవ్వా?’

‘ఏది గావాలె?’

సభ గొల్లుమంది గానీ అవ్వ నవ్వలేదు. కవర్లోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచింది. జన్మభూమిలో ఇచ్చిన అర్జీ నకలు, మడతల దగ్గర నాలుగు ముక్కలైంది. 2011 రచ్చబండది. తర్వాత డబుల్ బెడ్రూం ఇంటికి పెట్టుకున్నది. ఆఖరున ప్రజాపాలన రసీదు, స్టాంపు సగం వెలిసిపోయి. ఒక రాష్ట్రం రెండైంది, పార్టీలు మారాయి, అవ్వ అడ్రసు మాత్రం మారలేదు. పాలనలో స్థిరత్వం లేదనేవాళ్లు ఈ కవరు చూడాలి.

ఆ ప్రజాపాలన సంగతీ చెప్పుకోవాలి. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా తీసుకున్న దరఖాస్తులు కోటీ పాతిక లక్షల పైచిలుకు. వాటిలో కొన్ని అట్టపెట్టెలో బైకెక్కి పోతూ బాలానగర్ ఫ్లైఓవర్ మీద రోడ్డంతా పరుచుకున్నాయని అప్పట్లో నానా యాగీ చేశారు. పేదవాడి కాగితం ఫ్లైఓవర్ ఎక్కినందుకు ఒక్కరూ సంతోషించలేదు.

ఎమ్మెల్యే గారు కాగితాలన్నీ చూసి, ‘అర్హులందరికీ వస్తుందవ్వా, ఇది నిరంతర ప్రక్రియ. ఆ కౌంటర్ల ఇంకో అప్లికేషన్ పెట్టుకో’ అన్నారు. చప్పట్లు. ఆ మాటలో అబద్ధం ఒక్క ముక్క లేదు. ముప్పై ఏళ్లుగా ప్రక్రియ ఎక్కడా ఆగలేదు.

పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఇంకా తెలివైంది. 2025 ఉగాది నాడు పీ4 అనే పేదరిక నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టి పేదింటికి ‘బంగారు కుటుంబం’ అని పేరు పెట్టింది, దత్తత తీసుకునే ఉన్నోడికి ‘మార్గదర్శి’ అని. తులం బంగారం లక్ష దాటిన ఏడాదిలో ఆ పేరు పెట్టించుకుని, మళ్లీ బియ్యం అడగాలంటే ఎవరికైనా మొహమాటంగానే ఉంటుంది.

నాదొక సూచన. దరఖాస్తు రసీదులను ఆస్తిగా గుర్తించాలి. పొలానికి పాసుబుక్కు ఉన్నట్టు రసీదులకూ ఒకటి ఇవ్వాలి, బ్యాంకులు తాకట్టు పెట్టుకోవాలి. ఇది రాసుకుంటుండగానే ఒక చిక్కు కనపడింది. పల్లెలో రేషన్ కార్డుకు ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర. అవ్వ కవరుకు విలువ కడితే ఆమె పరిమితి దాటిపోయి, ఉన్న కార్డు కూడా ఊడుతుంది. కనుక సూచన వెనక్కి తీసుకుంటున్నాను.

సభ అయ్యాక అవ్వ కౌంటర్ దగ్గర మళ్లీ వేలిముద్ర వేసి, కొత్త రసీదు పాతవాటి మీద పెట్టి, కవరు మూతికి రబ్బరు బ్యాండు చుట్టింది. ఇన్నేళ్లు ఎలా కాపాడావు అవ్వా అని అడిగాను.

‘ఇల్లంతా ఉరుస్తది బిడ్డా. పొయ్యి పక్కన గింత జాగ ఉరవది. ఆడ వెడ్త.’