ఆవు కడుపులో కర్చీఫ్

ఎవరి కుర్చీ ఎవరు లాక్కున్నారనే టెన్షన్‌లో పడి మనం ఆవు పెద్దపేగు చివరి కొద్ది సెంటీమీటర్లను పూర్తిగా గాలికి వదిలేశాం. ఇది క్షమించరాని నిర్లక్ష్యం. అక్కడ ఆక్రమణ జరుగుతోంది. ఆక్రమణదారు ఈకొలై ఓ157:హెచ్7 అనే బాక్టీరియా. 1982లో అమెరికాలో హాంబర్గర్లు తిన్నవాళ్ళు రక్తవిరేచనాలతో మంచాన పడ్డప్పుడు వీడి బండారం మొదటిసారి బయటపడింది. చిన్నపిల్లలకు సోకితే వీడి విషం కిడ్నీలనే దెబ్బతీయగలదు. మనిషి కడుపులోకి ఒక వంద కణాలు వెళ్ళినా చాలు, రోగం రావచ్చు.

ఇంత దుర్మార్గుడూ ఆవును మాత్రం పల్లెత్తు మాట అనడు. వీడి విషం పట్టుకుని వేలాడటానికి కావలసిన కొక్కెం మన రక్తనాళాల్లో ఉంది, ఆవు రక్తనాళాల్లో లేదు. కాబట్టి ఆవుకు ఫిర్యాదు లేదు. మేస్తుంది, నెమరేస్తుంది, పేడ వేస్తుంది. ఆ పేడ తోలుకు అంటుకుని, కబేళాలో తోలు నుంచి మాంసానికి పాకినప్పుడో, కాలువ నీళ్ళలో కలిసి ఆకుకూరల మీదికి చేరినప్పుడో మనకు గుండె గుభేలుమంటుంది. అప్పుడు వైద్యం మొదలుపెడతాం. ఆవుకి.

వైద్యం పేరు ప్రోబయాటిక్. బతికున్న మంచి బాక్టీరియాను దాణాలో కలిపి పెడితే చెడ్డవాటికి చోటు లేకుండా పోతుందని దీని సారాంశం. శాస్త్రవేత్తలు దీనికేదో గంభీరమైన పేరు పెట్టుకున్నారు గానీ నేను మాత్రం కర్చీఫ్ సిద్ధాంతం అంటాను. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినవాడిదే సీటు. నిలబడ్డవాడు ఎంత బలవంతుడైనా నిలబడాల్సిందే. ఫిన్లండ్‌లో నుర్మీ, రంటాలా అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని 1973లోనే కోళ్ళ మీద తేల్చేశారు. అప్పుడే పొదిగిన పిల్లల చేత పెద్దకోళ్ళ పేగుల్లోని సరుకు మింగిస్తే సాల్మొనెల్లా అనే రోగకారక బాక్టీరియాకు లోపల సీటు దొరకలేదు. పెద్దల ఆశీర్వాదం ఏ రూపంలో వచ్చినా కళ్ళకద్దుకోవాలి మరి.

కోడిపిల్లది ఖాళీ బస్సు. ఆవుది అలా కాదు. పెద్ద ఆవు మొదటి పొట్టలో వంద లీటర్లకు పైగా సరుకు పడుతుంది. అందులో ఒక్కో మిల్లీలీటరుకు వెయ్యి కోట్లకు తగ్గకుండా బాక్టీరియా కాపురం ఉంటున్నాయి. ఇక మనం పంపే సైన్యం చూడండి. పరిశోధనల్లో బాగా వాడిన లాక్టోబాసిల్లస్ అనే మంచి బాక్టీరియా మోతాదు ఆవుకు రోజుకు సుమారు వంద కోట్లు. వినడానికి మహా సంగ్రామంలా ఉంది. లెక్క వేస్తే ఆ పొట్టలోని రెండు చుక్కల్లో ఉండే జనాభా కూడా ఇంతే. పైగా శత్రువు కూర్చున్నది బస్సు వెనక తలుపు దగ్గర, మనవాళ్ళు ఎక్కేది ముందు తలుపు నుంచి. నాలుగు పొట్టలు దాటాలి, నలభై మీటర్ల చిన్నపేగు దాటాలి. ఆ తర్వాత ఇంకా ప్రాణం ఉంటే యుద్ధం చేయాలి.

అయినా చేస్తున్నాయట. లాక్టిక్ ఆమ్లం వదిలి చుట్టుపక్కల పులుపెక్కిస్తాయి, తిండికి పోటీ పడతాయి, గోడ మీద చోటు ఆక్రమిస్తాయి. ఇంకా రుచికరమైన పద్ధతి దాయాదుల పోరు. నిరపాయమైన ఈకొలై రకాలు కొన్ని కొలిసిన్ అనే విషాన్ని కక్కి తమ సొంత కులం వాళ్ళనే చంపుతాయి. బెల్జియం శాస్త్రవేత్త ఆండ్రే గ్రాషియా ఈ సంగతి 1925లోనే గమనించాడు. ఆస్తి తగాదాల్లో మనమే ముందున్నామని గర్వపడేవాళ్ళు కాస్త తగ్గితే మంచిది.

నన్ను కలచివేసేది వీళ్ళ ఉద్యోగ భద్రత. చాలామటుకు ఇవి లోపల స్థిరపడవు. దాణాలో కలపడం ఆపితే కొద్దిరోజుల్లో పేడతో పాటు బయటికి వచ్చేస్తాయి. అంటే రోజుకూలీలు. బస్తాను ఎండలో పడేస్తే పనిలో చేరకముందే చచ్చిపోతాయి. ఒక చేత్తో వీటిని పెట్టి రెండో చేత్తో యాంటీబయాటిక్ పొడిచే ఘనులూ ఉన్నారు. పెళ్ళికి పిలిచి గుమ్మంలో కుక్కను వదలడం అన్నమాట.

ఫలితాల సంగతి అడుగుతారా? కొన్ని పరీక్షల్లో పేడలో ఓ157 వదిలే పశువుల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. అది చిన్న విషయం కాదు, వెక్కిరించడానికి నాకే మనసు రాలేదు. మరికొన్ని పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏ రకం బాక్టీరియా, ఎంత మోతాదు అన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది. కానీ ప్యాకెట్ల మీద మాత్రం కథ ఎప్పుడూ ఒకటే. పాలు పెరుగుతాయి, బరువు పెరుగుతుంది, రోగం పారిపోతుంది.

ఇంతకీ నీళ్ళ తొట్టి. పచ్చగా పాచి పట్టి, అడుగున బురద, బురదలో నానిన దాణా గింజలు, వాటి మీద ఆవు మూతి నుంచి కారే చొంగ. ఓ157 ఆ బురదలో నెలల తరబడి బతకగలదు. మంద మొత్తం ముక్కు ముంచి తాగేది అందులోనే. ఈ తొట్టి కడగమంటే ఎవరికీ తీరిక ఉండదు. వంద కోట్ల మందిని మాత్రం రోజూ పొద్దున్నే ఆవు నోట్లో డ్యూటీకి పంపిస్తాం. కడిగేవాడు ఒక్కడు, చీపురు ఒకటి దొరక్క. చీపురుకు పేటెంటు రాదన్నది వేరే సంగతి.

న్యాయంగా ఆలోచిస్తే ఈ వ్యవహారంలో ఆవు అభిప్రాయం కూడా తీసుకోవాలి. అది తెలిసే మార్గం పేడ ఒక్కటే. మంద మొత్తం మీద కొద్ది ఆవులే ఈ సూక్ష్మజీవుల్లో చాలా భాగం వదులుతాయి. అవి కూడా ఇవాళ వదిలి రేపు మానేస్తాయి, కాబట్టి ఒక్కసారి అడిగితే చాలదు. నేనూ ఒక రోజు భుజం దాకా గ్లౌజు తొడుక్కుని, డబ్బా పట్టుకుని, బాధ్యతగల పౌరుడిలా ఒక ఆవు వెనక నిలబడ్డాను. అది నెమరు ఆపి ఒకసారి తల తిప్పి చూసింది. తర్వాత తోక ఎత్తింది. డబ్బా మూత ఇంకా తీయనే లేదు.